ఏడో దెబ్బ

నాకు మొదటిసారి అనుమానం వచ్చింది ఒక శనివారం మధ్యాహ్నం. ఆర్టిస్టు గారు నా పక్క కుర్చీలో కూర్చుని మా కంప్యూటర్ ఆటలో ఆఖరి పోరాటం ఆడుతున్నారు. మూడు దెబ్బలు కొట్టారు, మూడు తిన్నారు. నాలుగోసారి కత్తి బొమ్మ దాకా తీసుకెళ్లిన బాణం గుర్తును వెనక్కి లాగి, కషాయం సీసా మీద నొక్కారు. తెర మీద అమ్మాయి కషాయం తాగింది. ఎదురుగా ఉన్న భూతం కొట్టడానికి చెయ్యెత్తింది.

"ఇక్కడ తప్పుతుందండి," అన్నారాయన. అన్నట్టే ఆ దెబ్బ ఆమెకు తగలకుండా పక్కనుంచి పోయింది.

"మీకెలా తెలుసండి?"

"తెలియడానికేముందండి, ఎప్పుడూ ఇక్కడే కదా తప్పేది," అని లేచి టీ తాగడానికి కిందికి వెళ్లిపోయారు.

నేను కుర్చీలోంచి కదల్లేదు. దెబ్బ తగలాలో తప్పాలో తేల్చేది కంప్యూటర్ లోపల పడే పాచిక. ఆ పాచిక రాసింది నేను. ఏ అంకె పడుతుందో రాసిన నాకే తెలియనప్పుడు, ప్రోగ్రామంటే ఏమిటో తెలియదని చెప్పుకునే మనిషికి ఎలా తెలిసింది?

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఏడాదో రెండేళ్లో అయింది. రామచంద్రపురంలో ఒక టైలరింగ్ షాపు పైనున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను పాఠాలు చెప్పేదాన్ని. బీఎస్సీ పూర్తికాగానే చేరాను. ఆరు కంప్యూటర్లు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, చెప్పులు బయట విడవమని గుమ్మం దగ్గర ఒక బోర్డు. పొద్దుటి బ్యాచికీ సాయంత్రం బ్యాచికీ మధ్య మూడు గంటలు ఖాళీ ఉండేది. ఇంటికెళ్లి అన్నం తినొస్తే ఇంకా రెండు గంటలు మిగిలేది. ఆ రెండు గంటల్లో బేసిక్‌లో ఒక కంప్యూటర్ ఆటకు ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను.

కాలువ గట్టు పట్టుకుని సముద్రం దాకా నడవాల్సిన ఒక అమ్మాయి కథ అది. దారిలో నీళ్లను తలుపులతో ఆపే లాకులు ఐదు. ఒక్కో లాకును ఒక్కో భూతం కాపలా కాస్తుంది. దాన్ని ఓడిస్తేనే తలుపులు లేస్తాయి. ఓడించిన కొద్దీ అమ్మాయికి బలం పెరుగుతుంది, కత్తి మారుతుంది, సంచిలో కషాయం సీసాలు చేరతాయి. పోరాటం వంతులవారీగా సాగుతుంది. ఒకసారి మనం, ఒకసారి అది. కొట్టిన ప్రతిసారీ లోపల పాచిక పడుతుంది. ఒకటి పడితే దెబ్బ తప్పినట్టు. మరే అంకె పడినా దాన్ని కత్తి బలంతో హెచ్చవేసి ఎదుటివాళ్ల ప్రాణంలోంచి తీసేయాలి. కషాయం తాగితే ప్రాణం పెరుగుతుంది గాని ఆ వంతు కొట్టడానికి ఉండదు, కాబట్టి పాచికా పడదు. పేజీలకు పేజీలు లెక్కలు వేసుకుని ఈ సూత్రాలు కుదుర్చుకున్నాను.

లెక్కలు కుదిరాయి గాని చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. దెబ్బ తగిలితే ఒక ఎర్రటి చుక్క మూడుసార్లు మెరిసేది. అంతే.

అలాంటి రోజుల్లో ఆర్టిస్టు గారు బొమ్మలూ అక్షరాలూ గీసే కోరల్ డ్రా నేర్చుకోవడానికి చేరారు. నలభై దాటిన మనిషి. గోడల మీద ఎరువుల ప్రకటనలు, షాపుల బోర్డులు, లారీల వెనక తలుపుల మీద పువ్వులూ నెమళ్లూ వేసి బతికినవారు. రేడియం స్టిక్కర్లు వచ్చి బ్రష్షు పని తగ్గిపోతోందని, తానూ కంప్యూటర్ మీద అక్షరాలు కోయించుకోవడం నేర్చుకోవాలని వచ్చారు. మా మధ్య వయసు తేడా తక్కువేమీ కాదు, అయినా నన్ను "మేడమ్ గారండి" అనే పిలిచేవారు. నేను "ఆర్టిస్టు గారూ" అనేదాన్ని. మౌసును అరచేత్తో కాకుండా వేళ్ల కొసలతో, కుంచె పట్టుకున్నట్టు పట్టుకునేవారు.

ఒకరోజు క్లాసు అయ్యాక నా వెనక నిలబడి ఆట చూశారు.

"ఏంటండి ఇది, బొట్టు పెట్టినట్టుంది," అన్నారు ఎర్ర చుక్కను చూసి.

"దెబ్బ తగిలిందని తెలియాలి కదండి."

"కత్తి దెబ్బ అలా ఉండదండి. నేనొకటి గీసి చూపించనా?"

అలా మొదలైంది. బొమ్మ చుట్టూ ఉన్న నల్లటి చదరం తెర మీద కనపడకుండా ఉండాలంటే ప్రతి బొమ్మకూ రెండు చేయాలి, ఒకటి అసలు రంగులతో, ఇంకొకటి ఉత్త నలుపు తెలుపుల్లో. ఈ సంగతి మా విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు వారం పట్టేది. ఆయన సగం వినే, "రేకు కోసి రంగు కొట్టే స్టెన్సిలే కదండి," అన్నారు. ఆ సాయంత్రానికి ఎనిమిది బొమ్మలూ, ఎనిమిది స్టెన్సిళ్లూ తయారు. వరసగా చూపిస్తే కత్తి అంచు మీద ఒక తెల్లటి గీత పాకి, చివర్న చీలి మాయమయ్యేది.

ఆయన చెప్పిన వాటిల్లో రెండు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మొదటిది ఆగడం గురించి. కత్తి తగిలినా తగలనట్టే ఉందని నేను మెరుపును ఇంకా పెద్దది చేయమంటే, అక్కర్లేదన్నారు. కుర్రతనంలో ఆయన పెద్దాపురం మరిడమ్మ జాతరలో కర్రసాము చేసేవారట.

"కర్రా కర్రా తగిలినప్పుడు మేం అర క్షణం అలాగే బిగబట్టేవాళ్లమండి. ఆ అర క్షణంలోనే చూసేవాళ్లకి దెబ్బ తగిలినట్టనిపిస్తుంది. ఆపకుండా తిప్పేస్తే ఎంత గట్టిగా కొట్టినా ఆటలాగే ఉంటుంది."

దెబ్బ తగిలినచోట బొమ్మలన్నిటినీ ఒక్క పిసరు ఆపాను. అదే కత్తి, అదే గీత. చూస్తుంటే నా భుజాలు బిగుసుకున్నాయి.

రెండోది ఆఖరి లాకు భూతం గురించి. అది కాలువల్లో పెరిగే గుర్రపుడెక్కతో అల్లుకున్న మనిషి ఆకారం. నరికిన కొద్దీ చిగురిస్తుంది. దాన్ని మంటతోనే చంపాలని నేను రాసుకున్నాను, ఎర్రగా మండే మంట కావాలని అడిగాను. ఆయన కదిలే బొమ్మలు తెచ్చారు, మంట లేదు, బూడిదరంగు పొగ పొరలు పొరలుగా లేస్తోంది.

"పచ్చి డెక్క మండదండి. పొగొస్తుంది. లోపల మటుకు ఎర్రగా కనపడుతూ ఉంటుంది," అన్నారు. పొగ మధ్యలో నాలుగైదు ఎర్రటి చుక్కలు అక్కడక్కడా వెలిగి ఆరిపోతున్నాయి. ఇంత చూడగల కన్ను ఉన్న మనిషితో కలిసి పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

ఆ శనివారం దాకా.

అనుమానం ఒకసారి మొదలయ్యాక, అంతకుముందు మామూలుగా కనిపించినవన్నీ వేరేగా కనపడటం మొదలుపెట్టాయి. ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక కంప్యూటర్ కొనుక్కుని తన బోర్డుల షాపులో పెట్టుకున్నారు. బొమ్మలు సరిచూసుకోవాలని వారం వారం ఆటను ఫ్లాపీలో పట్టుకెళ్లేవారు. నిన్నటిదాకా అది శ్రద్ధ అనుకున్నాను. ఇప్పుడు, ఆ షాపులో ఆటను విప్పి ఏం చేస్తున్నారోననిపించింది. ఇంగ్లీషు రాదంటారు, కాని మెనూలో ఎక్కడేముందో నాకంటే వేగంగా పట్టుకుంటారు. రాదని ఎందుకంటున్నట్టు?

మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు గారు ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"మేడమ్, ఆ ఆర్టిస్టు గారు రాజమండ్రి ఎక్కువగా వెళ్తున్నట్టున్నారు."

"స్టిక్కర్ రోల్స్ కోసమేమోనండి."

"ఏమోనండి. అక్కడ కొత్త కంప్యూటర్ సెంటర్లు చాలా వచ్చాయి. మీరు కష్టపడి రాసింది ఇంకొకళ్ల పేరు మీద తేలకుండా చూసుకోండి. నేను ఏమీ అనట్లేదు, జాగ్రత్త చెబుతున్నానంతే."

ఆయన ఏమీ అనలేదు నిజమే. అక్కర్లేకపోయింది కూడా. ఆ రోజునుంచి నేను ఫ్లాపీలో ఏమీ మార్చే వీల్లేకుండా దాని మూలనున్న చిన్న మీట జరిపి ఇచ్చేదాన్ని. తిరిగొచ్చాక ఆ మీట జరిపిన చోటే ఉందా, ఫైలు సైజు మారిందా అని ఆర్టిస్టు గారు వెళ్లేదాకా ఆగి చూసేదాన్ని. ఎప్పుడూ ఏమీ మారలేదు. అది చూసి ఊరట కలగాల్సింది పోయి, ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాను.

ఆయనకు తెలియకుండా ఒక పరీక్ష పెట్టాను. ఆఖరి భూతం బలం సగానికి సగం పెంచి, ఎప్పుడూ ఆడే కంప్యూటర్ కాకుండా మూలనున్న కంప్యూటర్ మీద ఆడించాను. ఆటను మొదలుపెట్టి, ఆఖరి లాకు ముందు దాచుకున్న చోటునుంచి అందుకుని, సూటిగా పోరాటంలోకి దిగారు.

రెండో దెబ్బకే, "దీని బలం పెంచారండి," అన్నారు.

మూడు కొట్టారు, మూడు తిన్నారు, కషాయం తాగారు. భూతం దెబ్బ తప్పింది. ప్రాణం పూర్తిగా పోవడానికి వెంట్రుకవాసి ఉండగా గెలిచి, నా వైపు తిరిగి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా రహస్యమేదో జేబులో పెట్టుకుని తిరిగే మనిషి నవ్వులా అనిపించింది. కొత్తగా రాసి, నా కళ్లముందే నడిపించిన ప్రోగ్రాము అది. దాన్ని ఆయన మార్చే వీలు లేదు. అయితే మార్చలేదు, చదివారు. పాచిక ఎలా పడుతుందో నా రాతలోంచి పట్టేశారు. ఏమీ రాదంటూ నా దగ్గర నటిస్తున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, నా ప్రోగ్రాము ప్రింటు తీసిన కాగితాల కట్ట నెలరోజులుగా కనపడటం లేదని.

మర్నాడు మధ్యాహ్నం ఆయన షాపుకి వెళ్లాను. లోపల ఒక స్కూటర్ నెంబరు ప్లేటు మీద అంకెలు అంటిస్తున్నారు. స్టూలు చూపించి కూర్చోమన్నారు. కూర్చోలేదు. కంప్యూటర్ పక్కన, అంచుల వెంట చిల్లులున్న కాగితాలు మడతలు మడతలుగా కనపడ్డాయి. తీసి చూశాను. నా ప్రోగ్రామే. తిప్పి చూస్తే వెనకవైపు పెన్సిలుతో వేసిన పొగ, మెరుపు, నీటి చిమ్ము. ఒక కాగితం మీద మాత్రం బొమ్మలు లేవు. వరసలు వరసలుగా అడ్డగీతలు, ప్రతి వరసలోనూ ఏడోచోట ఒక సున్నా.

"ఇవి మీ దగ్గరికెలా వచ్చాయండి?"

"రఫ్ కాగితాలండి. ప్రింటరు కింద బుట్టలో ఉంటే తెచ్చుకున్నాను. వెనక తెల్లగా ఉంది కదాని."

"ముందువైపు చదవలేదా?"

"అదేం భాషోనండి, నాకేం తెలుస్తుంది?"

"మరి ఈ ఏడో చోట సున్నా?"

ఆయన చేతిలో ఉన్న బ్లేడు కింద పెట్టారు. "పొగ ఎప్పుడు లేవాలో, కత్తి ఎప్పుడు జారాలో చూసుకోవాలి కదండి. తప్పిన దెబ్బకి వేరే బొమ్మ కావాలి. అందుకని ఎక్కడ తప్పుతోందో గుర్తు పెట్టుకున్నాను. ఎన్నిసార్లు ఆడినా ఏడో దెబ్బే తప్పుతోంది. మనం కొడితే మనది, అది కొడితే దానిది. మీరే అలా పెట్టారనుకున్నాను."

"నేను అలా పెట్టలేదు. అది పాచిక. ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడదు."

"పడుతోందండి మరి."

"పాచిక అలా పడదండి. మీరు చదివారు. చదివి, రాదంటున్నారు. ఎవరికి చూపించారో కూడా నాకు తెలియదు."

ఆయన మొహం మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. లేచి, బల్ల మీదున్న మూడు ఫ్లాపీలు తీసి, కాగితాల కట్ట మీద పెట్టి, రెండు చేతులతో నాకు అందించారు.

"తీసుకెళ్లండి మేడమ్ గారు," అన్నారు. ఆ తర్వాత క్లాసుకి రాలేదు. ఓనరు గారు, "నేను చెప్పలేదా అండీ," అన్నట్టు నా వైపు చూసి ఊరుకున్నారు.

ఆట అక్కడే ఆగిపోయింది. తెరిచినప్పుడల్లా ఆ పొగ చూడాల్సొస్తుందని తెరవడం మానేశాను.

ఐదారు వారాల తర్వాత, సాయంత్రం బ్యాచికి పాచిక ప్రోగ్రాము చెప్పాను. బటన్ నొక్కితే ఒకటి నుంచి ఆరు వరకూ ఏదో ఒక అంకె రావాలి. నాలుగు వాక్యాలు బోర్డు మీద రాశాను, అందరూ ఎక్కించుకున్నారు. ఆరు కంప్యూటర్ల ముందూ ఆరుగురు.

"ఏదీ, ఒక్కొక్కరూ నొక్కి ఎంత వచ్చిందో చెప్పండి."

"ఐదండి," అంది కిటికీ పక్కమ్మాయి.

"నాకూ ఐదేనండి."

"నాకూ ఐదండి."

ఆరుగురికీ ఐదు. నవ్వుకున్నారు. మళ్లీ నొక్కమన్నాను. ఆరుగురికీ నాలుగు. మళ్లీ నాలుగు. రెండు. రెండు. ఐదు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి.

"ఇంకోసారి నొక్కండి," అన్నాను.

ఆరు తెరల మీదా ఒకటి పడింది. ఏడోది.

క్లాసు త్వరగా వదిలేసి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాను. రెండు పేజీలు తిప్పేసరికి కనపడింది. పాచిక వేసే ముందు దాన్ని కలపమని చెప్పే ఒక మాట రాయాలి. ఒకే ఒక్క మాట. అది రాయకపోతే, ప్రోగ్రాము మొదలుపెట్టిన ప్రతిసారీ అవే అంకెలు అదే వరసలో పడతాయి. నేను రాయలేదు. చదువుకున్న నోట్సులో లేదు, నేను వెతకలేదు. అన్ని నెలలు ఆట ఆడుతూ నాకెందుకు తెలియలేదంటే, నేను లెక్కలు మారుస్తూ, ఒకసారి రెండో వంతులో కషాయం, ఒకసారి ఐదో వంతులో కషాయం తాగిస్తూ, తప్పిన దెబ్బ ఎవరి వంతులో పడిందో చూసుకోలేదు. ఆయన దెబ్బలను ఒక్కొక్కటిగా చూశారు. చూసింది చూసినట్టు చెప్పారు.

మర్నాడు సెలవు పెట్టి షాపుకి వెళ్తే తాళం వేసుంది. పక్కనున్న సైకిల్ షాపాయన, కడియంలో నర్సరీ బోర్డుల పని దొరికిందని, వారంగా అక్కడే ఉంటున్నారని చెప్పాడు. బస్సెక్కాను. దిగాక ముగ్గురినడిగితే గాని ఆయన దొరకలేదు. నిచ్చెన మీద నిలబడి ఒక పెద్ద రేకు బోర్డు మీద మందారం వేస్తున్నారు. కింద లారీలోకి కొబ్బరి మొక్కలు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి దిగి, చేతులు గుడ్డకు తుడుచుకున్నారు.

"తప్పు నాదండి," అన్నాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలేవీ గుర్తుకు రాలేదు. "పాచిక నిజంగానే అలా పడుతోంది. నేనొక మాట రాయడం మర్చిపోయాను."

ఆయన గుడ్డను నిచ్చెన మెట్టు మీద వేశారు.

"నాకూ ఒక అనుమానం ఉండేదండి," అన్నారు. "ఏడోది తప్పేలా మీరే కావాలని పెట్టి, నేను కనిపెడతానో లేదో, కనిపెడితే చెబుతానో దాచుకుంటానో చూస్తున్నారనుకున్నాను. మీరు ఫ్లాపీల మీట జరిపి ఇవ్వడం నేను గమనించాను. ఆ రోజు బలం పెంచి వేరే కంప్యూటర్ మీద కూర్చోబెట్టినప్పుడు ఖాయమనుకున్నాను. అందుకే నవ్వాను."

నాకు తలెత్తాలనిపించలేదు. ఆయనకు ఇదంతా తెలుసు. తెలిసీ పొగ బొమ్మలు గీస్తూనే ఉన్నారు.

"మళ్లీ వస్తారా అండి? ఇంకా రెండు లాకుల పని మిగిలింది."

"బోర్డులు కానివ్వండి, వస్తాను."

వస్తారనుకోలేదు. ఇరవై రోజులకు వచ్చారు. నేను రాసిన ఆ ఒక్క మాటతో ఆఖరి పోరాటం ఆడించాను. ఏడో దెబ్బ తగిలింది. మూడోది తప్పింది. ఆయన ఓడిపోయారు. తల ఊపి, "ఇప్పుడు బాగుందండి. భయమేస్తోంది," అన్నారు. మిగిలిన రెండు లాకులకూ నీటి చిమ్ము, మెరుపు గీసిచ్చారు. తప్పిన దెబ్బకు వేరే బొమ్మ కూడా చేశారు, కత్తి ముందుకు పోయి, అమ్మాయి ఒక అడుగు తూలి నిలదొక్కుకునేది. ఆటంతటిలోనూ అందరికీ ఎక్కువ నచ్చింది అదే. మా విద్యార్థులు ఏడాది పాటు ఆ ఆట ఆడారు. తర్వాత కంప్యూటర్లన్నీ మార్చారు, నేనూ పెళ్లయి ఊరు మారాను.

ఆయన మళ్లీ రావడంతో అంతా మునుపటిలా అయిందని ఓనరు గారితో అన్నాను గాని, కాలేదు. ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఫ్లాపీ షాపుకి పట్టుకెళ్లలేదు. నేను పట్టుకెళ్లమని ఇచ్చినా, "ఇక్కడే ఉండనివ్వండి," అనేవారు. పని చేసేటప్పుడు కుర్చీని కాస్త పక్కకు జరుపుకుని, తెర నాకు పూర్తిగా కనపడేలా కూర్చునేవారు. నేను క్లాసు మధ్యలో లేచి వెళ్తే, తిరిగొచ్చేదాకా మౌసు మీద చెయ్యి వేసేవారు కాదు.